బడులకు మార్కులు వేసిన కాలం

ఈ మధ్య బళ్లారి గాంధీనగర్‌లో మా వీధి చివర ఉండే టీచరమ్మ ఒకరు మా అరుగు మీద కాసేపు కూర్చుని గోడు చెప్పుకున్నారు. వాళ్ల బడికి పైనుంచి లక్ష్యాలు వచ్చాయట. ఈ నెలలోగా ఇంతమంది చదవాలి, వచ్చే నెలలోగా ఇంతమందికి లెక్కలు రావాలి, అన్నిటికీ పట్టికలు, ఆ పట్టికలకు మళ్లీ మార్కులు. "ఎవురు కనిపెట్టినారో సార్ ఇవి. వాళ్లు ఒక్క దినమన్నా బడిలో నిలబడి ఉండరు" అన్నారు. నేను మజ్జిగ గ్లాసు అడుగుదాకా తాగాను. నాకు తెలిసి ఈ జిల్లాలో బడులకు మార్కులు వేసే పట్టిక మొదట తయారుచేసినవాణ్ణి నేనే. ఆ మాట ఆమె మొహం మీద చెప్పే ధైర్యం లేకపోయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆమె చదివినా సరే, ఆమె మీద పెత్తనం చేసే కుర్ర ఆఫీసర్లు చదివినా సరే.

ఇది యాభైల చివరి సంగతి. బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చి కొన్నేళ్లయింది. నేను తెలుగు బడుల ఇన్‌స్పెక్టర్ని. అదే గదిలో, నా బల్లకు ఎదురుబల్ల దగ్గర కన్నడ బడుల ఇన్‌స్పెక్టరు కూర్చునేవాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే జీతం. మా ఇద్దరికీ కలిపి ఒకటే ఫ్యాను. అది ఎవరి వైపు తిరిగితే ఆ పూట వాళ్ల ఫైళ్లు కదిలేవి.

ఆ ఏడాది నన్ను ఆరు వారాల శిక్షణకు పంపారు. అక్కడొక లెక్చరరు బడి పనిని కొలవడం గురించి పాఠాలు చెప్పాడు. వినేవాళ్లలో సగం మంది కునికిపాట్లు పడ్డారు. నేను మాత్రం ప్రతి మాటా రాసుకున్నాను. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు, చేతిలో పంతుళ్ల చదువు బి.టి. పట్టా ఉంది. ఈ దేశంలో చదువు బాగుపడకపోవడానికి కారణం నన్నెవరూ అడగకపోవడమేనని గట్టి నమ్మకం కూడా ఉంది.

తిరిగొచ్చాక మా ఇంటి నడవలో నాలుగు తెల్లకాగితాలు అతికించి, స్కేలు పెట్టి గళ్లు గీశాను. బడికి మొత్తం వంద మార్కులు. హాజరుకు నలభై. నాలుగో తరగతి పరీక్షకు ముప్పై. చదివే వేగానికి ఇరవై. శుభ్రతకు అయిదు, తోటకు అయిదు. చదివే వేగం కొలవడానికి ఒక పేజీ ఎంచుకుని, దాన్ని అట్టకు అంటించుకున్నాను. పిల్లవాడు చదువుతుంటే గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని పంక్తులో లెక్కపెట్టాలి. మా ఆవిడ ఆ కాగితాల మీదుగా ఎగిరి దాటుతూ, "రేపు వంటింటికి కూడా మార్కులేస్తారా ఏంది?" అంది. నిజం చెప్పాలంటే ఆ విషయం కాసేపు ఆలోచించాను.

మా పై ఆఫీసరు మైసూరు వైపు మనిషి. తెలుగు రాదు. కన్నడంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడేవారు. నేను ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చిన పట్టికను కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి చాలాసేపు చూశారు. "ఇంతకాలం మనం గుడ్డిగా తిరిగాం" అన్నారు. రెండు భాషల్లోనూ నకళ్లు తీయించి అన్ని బడులకూ పంపించారు. ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వెళ్లానో నాకు గుర్తులేదు. నేల మీద మాత్రం నడవలేదు.

పట్టిక బడులకు చేరిన నెల లోపలే జిల్లాలో చదువు అద్భుతంగా బాగుపడింది. కాగితం మీద. ఊరూరా తోటలు మొలిచాయి. నేను వెళ్లే రోజు పొద్దున కొమ్మలు విరిచి మట్టిలో గుచ్చేవాళ్లని, మధ్యాహ్నానికి అవి తలలు వేలాడేసేవని గమనించడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అప్పటిదాకా ఎండ మరీ ఎక్కువగా ఉందనుకున్నాను.

మొదటి ఏడాది పట్టికలో అందరికన్నా పైన నిలిచింది సిరుగుప్ప దారిలో బస్సు ఆగే ఒక ఊరి బడి. ఊరి పేరు చెప్పను. నూటికి తొంభై ఆరు. ఒకే ఆవరణలో ఇటు తెలుగు బడి, అటు కన్నడ బడి. తెలుగు బడి హెడ్‌మాస్టరు గుండ్రటి మొహం, నవ్వు చెదరని మనిషి. బస్సు దిగేసరికి గొడుగుతో ఎదురొచ్చేవాడు.

"మీ చార్టు వచ్చినప్పట్నుంచి పిల్లోల్లు ఇండ్లల్లో నిలుస్తాండ్లేదు సార్. బడికే పరిగెత్తుకోని వస్తాండారు" అనేవాడు.

నేను నమ్మాను. మనిషి తనకు కావలసింది ఎవరైనా చెబితే ఎంత తేలిగ్గా నమ్ముతాడో మీకూ ఉద్యోగంలో పైకొచ్చాక తెలుస్తుంది. ఆ బడిలో ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉన్న ఒక పిల్ల నా అట్ట మీది పేజీని గుక్క తిప్పుకోకుండా చదివింది. పాట పాడింది. పద్యం చెప్పింది. సంతోషం పట్టలేక ఒక నోటుబుక్కు మీద సంతకం పెట్టి బహుమతిగా ఇచ్చాను.

ఒకరోజు ఆఫీసులో ఎదురుబల్ల కన్నడ మిత్రుడు కాఫీ తాగుతూ తన బడుల గొప్పలు మొదలుపెట్టాడు. ఒక ఊళ్లో ఒక పిల్ల ఉందట. కన్నడ పద్యాలు గంట కొట్టినట్టు చెబుతుందట. పాట పాడిందట. తనూ ఒక నోటుబుక్కు బహుమతి ఇచ్చాడట.

"బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందా?" అన్నాను.

కాఫీ గ్లాసు మధ్యలో ఆగిపోయింది. "హౌదు, ఉంది. నీకెట్ల తెలుసు?"

"ఎడమ బుగ్గా?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఇద్దరం తలా ఒక ఫైలు తీసి ఆ పిల్ల పేరు వెతుక్కున్నాం. నా ఫైల్లో ఒక పేరు, అతని ఫైల్లో ఇంకో పేరు.

మర్నాడు ఎవరికీ కబురు పెట్టకుండా ఒకే బస్సులో ఇద్దరం దిగాం. అంతవరకూ నేను వెళ్లే వారం వేరు, అతను వెళ్లే వారం వేరు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఒకే తలుపులోంచి దిగడం చూసి తెలుగు హెడ్‌మాస్టరు గొడుగు తెరవడం మరిచిపోయాడు. కన్నడ హెడ్‌మాస్టరు వరండాలోనే నిలబడిపోయాడు. పిల్లలు గంట విని పరిగెత్తుకొచ్చి, ఆవరణ మధ్యలో ఆగి, ఒకసారి నన్నూ ఒకసారి అతన్నీ చూశారు. మంద రెండుగా చీలలేక అక్కడక్కడే తిరిగింది. చివరికి ఒక చిన్నవాడు ధైర్యం చేసి తన మాస్టర్ని గట్టిగా అడిగాడు.

"సార్, ఈ పొద్దు తెలుగా? కన్నడమా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అర్హత ఉన్నవాళ్లెవరూ అక్కడ లేరు. పుట్టుమచ్చ పిల్ల మాత్రం ముందుకొచ్చి సంచీలోంచి రెండు నోటుబుక్కులు తీసి, "రెండూ నావే సార్" అని చూపించింది. దాని తప్పేమీ లేదు. అది రెండు భాషలూ నిజంగానే చదివింది. ఆ బడిలో మోసం లేని సరుకు అదొక్కటే.

తిరుగు బస్సెక్కాం. బళ్లారి దగ్గర పడ్డాక నా మిత్రుడే అన్నాడు. "సుమ్నిరప్పా. ఎవురికీ చెప్పొద్దు. ఇది బయట పడితే మొదట నవ్వేది మనల్ని చూసే."

నేను సరేనన్నాను. అప్పటికే బడుల మార్కుల జాబితా పైకి వెళ్లిపోయింది. ఆఫీసరు దాని మీద రెండు వాక్యాలు మెచ్చుకుంటూ రాశారు. ఆ హెడ్‌మాస్టర్లను నోటిమాటతో మందలించాం. తొంభై ఆరు తొంభై ఆరుగానే ఉండిపోయింది. ఇది నేను చేసిన మొదటి తప్పు. తెలియక చేసింది కాదు, తెలిసే చేసింది.

పైనున్న బడి సంగతి అది. ఇక జాబితాలో అట్టడుగున ఉన్న బడికి నూటికి ఇరవై ఒకటి.

అది సిరిగేరి దాటి, కాలువ వెంబడి ఇంకొంత దూరం పోతే వచ్చే ఒక క్యాంపు, అంటే వలస రైతుల ఊరు. కాలువ నీళ్లు పారడం మొదలైన కొత్తలో కోస్తా నుంచి రైతులు కుటుంబాలతో వచ్చి అక్కడ భూములు తీసుకుని వరి వేశారు. ఊరంటే అప్పటికి రెండు వరసల పాకలు, ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డే బడి. ఒకే మాస్టరు. ఈ వైపు మనిషే, సన్నగా, నలభై దాటినవాడు. అడిగితే తప్ప మాట్లాడడు. నేను ఎప్పుడు వెళ్లినా పదకొండున్నర బస్సుకే వెళ్లేవాణ్ణి, రెండున్నర బస్సుకు తిరిగొచ్చేవాణ్ణి. ఉన్న బస్సులు అవే. వెళ్లినప్పుడల్లా షెడ్డులో ఏడుగురో ఎనిమిదిమందో పసివాళ్లు కూర్చుని ఉండేవాళ్లు. హాజరు పట్టీ తెరిస్తే అందులోనూ అంతే. రానివాళ్లకు వరసగా సున్నాలు. తన బడికి తానే ఇన్ని సున్నాలు పెట్టుకునే మాస్టర్ని నేను అంతకుముందు చూడలేదు. అది చూసి నాకు రావలసిన అనుమానం రాలేదు. చేతకానివాడు అనుకున్నాను. తోట కూడా లేదు.

ఆఫీసరు జాబితా చివరన ఉన్న బడుల పేర్లు అడిగారు. మూసేసి, ఆ మాస్టర్లను వేరేచోట వాడుకుందామన్నారు. ఈ బడి మూసివేతకు నేనే సిఫారసు రాశాను. భాష బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా. మాస్టర్ని జిల్లాకు అటు చివరి తాలూకాకు వేశారు.

ఆర్డరు పట్టుకుని, సామాను లెక్క చూసి తాళం తీసుకు రావడానికి నేనే వెళ్లాను. నాట్ల కాలం. దారి పొడుగునా వాన. షెడ్డులో ఆ రోజు ఆరుగురున్నారు. మాస్టరు కాగితం చదివాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు. సంతకం పెట్టాడు.

"ఆయ్తు సార్, సరే. తాళం ఇప్పుడే ఇయ్యాల్నా?"

వాదిస్తాడని మూడు జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లాను. అవి వాడే అవకాశం రాలేదు. సామాను చూశాక ఇద్దురులెండి అన్నాను. సామాను చూడడం పూర్తయ్యేలోగా వాన పెరిగింది. నల్లరేగడి దారి, రెండున్నర బస్సు రాలేదు. క్యాంపులో పెద్ద రైతు ఒకాయన గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చి, "ఇవాళింక బస్సు రాదండి ఇన్‌స్పెక్టరు గారూ. మా పాకలో ఉండిపోండి. ఏదో ఉన్నదాంట్లో తిందురుగాని" అన్నాడు. బడి మూసేస్తున్నామని ఆయనకింకా తెలియదు. వేడివేడి అన్నంలో ఆవకాయ కలుపుకు తింటూ నేనూ చెప్పలేదు.

తెల్లవారుజామున ఏదో శబ్దానికి మెలకువ వచ్చింది. భజన అనుకున్నాను. కాసేపు విన్నాక అది పదమూడో ఎక్కం అని తెలిసింది. బురదలో చెప్పులు చేత పట్టుకుని వెళ్లాను.

షెడ్డు నిండా పిల్లలు. లోపల చోటు చాలక గుమ్మం బయట, చూరు కింద కూడా కూర్చున్నారు. కొంతమంది ఆడపిల్లల ఒళ్లో చంటిపిల్లలున్నారు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. చంటివాళ్లను వదిలేసి యాభై మూడు. మాస్టరు నన్ను చూసి బోర్డు దగ్గరే ఆగిపోయాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా సుద్దముక్కను వెనక్కి దాచాడు.

"ఏంది మాస్టరూ ఇది?"

"బడి సార్."

"ఇంత పొద్దున్నేనా?"

"నాట్లు వేస్తాండారు కదా సార్. ఎనిమిదయితే పెద్దోల్లంతా మళ్లలోకి దిగుతారు. వీల్లు చంటిబిడ్డల్ని ఎత్తుకోని గట్ల మీద కూచోవాల. పదకొండుకి ఎవురొస్తారు సార్? అందుకే ఆరింటికి పెడతాండా. కలుపులప్పుడూ కోతలప్పుడూ ఇంతే."

"మరి హాజరు?"

"పదకొండుకి తీయాలని రూలు ఉండాది. పదకొండుకే తీస్తాండా."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియని కోపం. "ఈ సంగతి నాకెందుకు చెప్పలేదయ్యా?"

అతను సుద్దముక్క జేబులో వేసుకుని అన్నాడు. "టైము మార్చేకి పర్మిషన్ కావాల సార్. అడిగితే ల్యాదంటారు. అడక్కపోతే బడి జరుగుతుంది. మీరు ఎప్పుడొచ్చినా ఇప్పుడు ఎంతమంది ఉండారు అని అడుగుతాండ్రి. ఉన్నంతమందిని చెప్తాంటి."

నేను ఓటమి ఒప్పుకోవడానికి ఇంకా సిద్ధంగా లేను. సంచీలోంచి అట్ట తీసి, ఒళ్లో తమ్ముణ్ణి పెట్టుకుని కూర్చున్న పదేళ్ల పిల్లను చదవమని గడియారం పట్టుకున్నాను. ఆ పేజీ ఎడారి గురించి. పిల్ల నాలుగు పంక్తులు చదివేసరికి నిమిషం అయిపోయింది. ఇరవైకి అయిదు మార్కులు వస్తాయి. హమ్మయ్య, నా పట్టిక పూర్తిగా తప్పు కాదు అనుకున్నాను. చూశారా, యాభై మూడుమంది పిల్లలు ఎదురుగా కూర్చుని ఉంటే నేను ఊరట వెతుక్కున్నది అందులో.

అంతలో ఒకావిడ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని పొలానికి పోతూ గుమ్మంలో ఆగింది. "పాపా, మా అమ్మ దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చిందే. నిన్న వానలో చదివించుకోడం కుదర్లేదు. చదివి పెట్టవే" అంది. మాస్టరు చదవమని పిల్లకు సైగ చేశాడు. ఆ బడిలో అది మామూలే అని తర్వాత తెలిసింది. వాచకాలు చాలినన్ని రాక, ఊళ్లోకి వచ్చే కార్డులతోనే అతను చదవడం నేర్పేవాడు. జవాబులు కూడా పిల్లలే రాసేవాళ్లు.

పిల్ల కార్డు చేతిలోకి తీసుకుంది. గొలుసుకట్టు రాత, అంచుల్లోకి కూడా పాకి ఉంది. నాకే ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. పిల్ల కళ్లు దాని మీద గబగబా పరిగెత్తాయి. చదివి వినిపించకముందే ఫక్కున నవ్వింది.

"ఏవయిందే? చెప్పవే" అంది ఆవిడ.

"మీ నాన్నకి కొత్త చెప్పులు కొన్నారంటండీ. వానకి తడుస్తాయని చేత్తో పట్టుకుని నడిచారంట. ముల్లు గుచ్చుకుందంట. ఇప్పుడు కాలు వాచి ఆ చెప్పులు పట్టడం లేదంట."

షెడ్డంతా నవ్వింది. ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, కార్డు బొడ్లో దోపుకుని పొలానికి వెళ్లిపోయింది. నా చెప్పులు నా చేతిలోనే ఉన్నాయి. ఒకరిద్దరు పిల్లలు వాటి వైపు చూసి మళ్లీ నవ్వారు. ఆ పిల్ల ముందు నవ్వి, తర్వాత చదివింది. చదవడమంటే అదేనని నాకు బి.టి.లో ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను దాన్ని గడియారంతో కొలిచి ఉండేవాణ్ణి.

"ఆ ఆర్డరు ఇటివ్వండి మాస్టరూ" అన్నాను.

"సంతకం పెట్టేసినా కదా సార్."

"ఇవ్వండయ్యా."

బళ్లారి వచ్చాక ఆ రిపోర్టు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నా సిఫారసు తప్పని రాయాలి. అది రాస్తే పట్టిక తప్పని రాయాలి. అది రాస్తే తొంభై ఆరు మార్కుల సంగతి దాచడం కుదరదు. నా మిత్రుడికి చెబితే అతను ఫ్యాను ఆపేసి కూర్చుని అంతా విన్నాడు. "సరే, రాయి. నా పేరు కూడా రాయి. నోటుబుక్కు నేనూ ఇచ్చినా కదా" అన్నాడు. ఆ మాట అతను అనకపోతే నేను రాసి ఉండేవాణ్ణి కాదేమో. రాశానని చెప్పుకోవడం ఇప్పుడు తేలిక.

ఆఫీసరు మూడు పేజీలూ మా ఇద్దర్నీ నిలబెట్టే చదివారు. పుట్టుమచ్చ పిల్ల దగ్గర ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికో కోపం ఆపుకోవడానికో తెలియదు.

"ఆ బడి మూయొద్దు. ఉత్తర్వు రద్దు చేస్తాను" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "కానీ ఒక ఉపాధ్యాయుడు అనుమతి లేకుండా బడి వేళలు మార్చాడని మీరే రాతపూర్వకంగా తెలియజేశారు. చూసీ చూడనట్టు ఊరుకోలేం. మెమో ఇవ్వండి, సంజాయిషీ తీసుకోండి."

"పట్టిక సంగతి?" అన్నాను.

"అది అచ్చుకు వెళ్లిపోయింది. మంచి పట్టిక. ఇకనుంచి జాగ్రత్తగా నింపండి."

పట్టిక తర్వాత ఎన్నో ఏళ్లు నడిచింది. ఇష్టం లేకపోయినా ఏటా నా చేత్తోనే నింపాను. అన్నిటికన్నా నామోషీ అనిపించింది ఆ మెమో. బడిని కాపాడిన నా రిపోర్టే ఆ మాస్టరు మీద ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం. "అనుమతి లేకుండా వేళలు మార్చినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో" అని రాస్తూ నా కలం రెండుచోట్ల కాగితాన్ని చింపింది.

పది రోజులకు సంజాయిషీ వచ్చింది. మూడే వాక్యాలు. "పిల్లలు ఆరు గంటలకు వస్తున్నారు. కాబట్టి నేనూ ఆరు గంటలకు వస్తున్నాను. ఇకమీదట ఏ వేళకు రావలెనో తెలియజేయ ప్రార్థన."

రెండు రోజులు ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. వేళలు మార్చడానికి అనుమతి ఇచ్చే అధికారం నాకు లేదు. మూడోరోజు దాని కిందనే "ఆరు గంటలకే రావలెను" అని రాసి సంతకం చేసి పంపేశాను. ఎవరూ అడగలేదు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలని అతని దగ్గరే నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఆ బడి తనిఖీకి ముందురోజు పదకొండున్నర బస్సుకే వెళ్లి అక్కడ పడుకోవాల్సి వచ్చేది. మొదటిసారి అలా వెళ్లినప్పుడు, రైతు పెట్టిన భోజనం గట్టిగా తిని బాగా నిద్రపోయాను. లేచి, మొహం కడుక్కుని, కోటు తొడుక్కుని షెడ్డు చేరేసరికి ఆరుంబావు అయింది. పిల్లలందరూ కూర్చుని రాసుకుంటున్నారు. మాస్టరు నన్ను చూసి నమస్కారం పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"హాజరు అయిపోయింది సార్. వెనకాల జాగా ఉండాది, కూచోండి."

నేను వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను.